దొంగ చుట్టం

సూట్‌కేసు లోర్నాదే. గుమ్మం పక్కన గొడుగుల స్టాండుకి ఆనించి నిలబెట్టి ఉంది. దాన్ని అక్కడ పెట్టింది మాత్రం లోర్నా కాదు.

"జిప్పు నేనే వేశాను," అంది డోర్తె. కోటు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని ఉంది. "ఉన్ని బట్టలు పైన పెట్టాను. మీ ఊళ్లోనూ గాలెక్కువేగా."

"నా అల్మైరా తెరిచావా?"

"మా నాన్న ఇంట్లో అల్మైరా అది."

లోర్నా ఆడపడుచు మొహంలోకి చూసింది. నాలుగు రోజుల కిందటి దాకా ఈ మొహంతోనే పక్కపక్కన కూర్చుని అల్లికలు అల్లింది, కాఫీ తాగింది. ఇప్పుడా మొహంలో తనకి చోటు లేదు.

"ఎల్లుండి నాన్నని ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నాం," అంది డోర్తె. "ఆయన ఈ గుమ్మంలో కాలు పెట్టేసరికి నువ్వు ఆయన కంట పడకూడదు."

"వీగో అన్నాడా ఆ మాట?"

"ఎలా అంటాడు? నోట మాట ఉంటేగా!"



జీవితమంతా ఇంగ్లిష్ మాటలకి డేనిష్ అర్థాలు వెతికి నిఘంటువు కట్టిన మనిషి వీగో. గురువారం నేలమాళిగ మెట్ల కింద తల పగిలి పడిపోయాడు. ప్రాణం దక్కింది. మాట పోయింది. 'నీళ్లు' అని అడగాలన్నా వేలు చూపించాల్సిందే.

అలా పడి ఉన్న మామగారిని మొదట చూసింది లోర్నా. అంబులెన్సుకి ఫోన్ చేసింది లోర్నా. ఆస్పత్రి దాకా ఆయన చెయ్యి వదలకుండా పట్టుకున్నది లోర్నా. అయినా ఆ సాయంత్రం నుంచి డెన్మార్క్‌లో స్వెన్‌బోర్ ఊళ్లోని ఈ ఇంట్లో ఆమె వంక సూటిగా చూసినవాళ్లు లేరు. ఆస్పత్రి గదిలోకి ఆమెని రానివ్వొద్దని డోర్తె నర్సులకి చెప్పి మరీ వచ్చింది.

"నేను చేసిన తప్పేమిటో ఒక్కసారి చెప్పు డోర్తె. విని వెళ్లిపోతాను."

"నన్నడుగుతావేం? నీ నోటితో నువ్వే చెప్పావు డాక్టరుకి. మేమందరం అక్కడే ఉన్నాం. మళ్లీ చెప్పు చూద్దాం."

"చెప్పడానికేముంది? పొద్దున ఆయన కింద ఉన్నాడు, నేను వంటింట్లో ఉన్నాను. ఓవర్‌హోర్తె. అంతే," అంది లోర్నా తనకొచ్చిన డేనిష్‌లో.

డోర్తె చివాలున లేచింది.

"అంతే! విన్నావా అమ్మా? అంతేనట!" అని వంటింటి వైపు తిరిగి కేకేసింది.

వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగింది. అక్కడున్నది అత్తగారు రూత్. మళ్లీ నీళ్ల చప్పుడు మొదలైంది.

"పసిబిడ్డ ఏడుస్తున్నా ఇలాగే చేస్తావా నువ్వు?" అంది డోర్తె. "రేపు మీకో బిడ్డ పుట్టి ఉయ్యాల్లోంచి గుక్కపట్టి ఏడ్చినా ఇలాగే, ఇంత తేలిగ్గా 'ఓవర్‌హోర్తె' అని భుజాలెగరేస్తావా?"

లోర్నాకి ఏమీ అర్థం కాలేదు. బిడ్డ ఏడిస్తే చెవిన పడదా? పడితే తప్పా? ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరి చెవిన పడటం ఈ దేశంలో ఇంత పాపమా? తప్పంటూ ఉంటే ఒకటే. ఆ తర్వాత ఆయన్ని ఒంటరిగా వదిలి బజారుకి వెళ్లింది. దానికి రాత్రుళ్లు తనని తాను తిట్టుకుంటూనే ఉంది. కానీ డోర్తె కళ్లల్లో ఉన్నది ఆ నేరం కాదు. ఇంకేదో పెద్దది.

"ఇంగ్లండులో మీ ఊరి పేరేంటి? హల్! మా భాషలో దానికి బొక్క అని అర్థం. బొక్కలోంచి వచ్చావు, ఆ బొక్కలోకే పో."

ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజు వీగో కూడా ఇదే పరాచికమాడాడు. "బొక్కలోంచి ఇంత చక్కటి పిల్లని ఎలా లాగావురా?" అని కొడుకుని అడిగి, కడుపుబ్బ నవ్వి, లోర్నా పళ్లెంలోకి పెద్ద హెర్రింగ్ ముక్క వేశాడు. అదే మాట. ఆవేళ కడుపు నిండింది.

"ఇద్దరూ ఆపండి," అన్న గొంతు పైనుంచి వినపడింది.

ఆస్గర్ దిగి వస్తున్నాడు. మెడకి మఫ్లర్ అప్పుడే చుట్టేసుకున్నాడు. భార్య సూట్‌కేసు గుమ్మంలో చూసి ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి లోర్నా అప్పుడు గమనించలేదు.

"లోర్నా, పైకి రా."

*

పై అంతస్తులో వాళ్ల గది కిటికీలోంచి జలసంధి కనిపిస్తుంది. ఇవాళ పొగమంచులో అదీ లేదు.

"టికెట్ తీశాను," అన్నాడు ఆస్గర్ తలుపు వేస్తూనే. "సాయంత్రం విమానం, బిల్లుండ్ నుంచి. భోంచేసి బయల్దేరితే సరిపోతుంది. మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పాను."

"మా అమ్మకి చెప్పావా? నాకు చెప్పకముందే?"

"నీకు ఇప్పుడు చెప్తున్నాగా."

"అంటే నువ్వూ నన్ను పొమ్మంటున్నావు."

"డోర్తె కాస్త చల్లబడేదాకా. రెండు మూడు వారాలు. అంతకంటే ఏమీ లేదు."

"వీగో వచ్చే ముందే నన్ను పంపేయాలా? వెళ్లేలోపు ఒక్కసారి చూడనివ్వు ఆయన్ని. ఐదు నిమిషాలు. దూరం నుంచైనా సరే."

"డోర్తె ఒప్పుకోదు."

"ఆవిడ ఒప్పుకోకపోతే నీకు నోరు లేదా? ఆయన నీకు నాన్న కాదా?"

ఆస్గర్ కళ్లద్దాలు తీసి మఫ్లర్ అంచుతో తుడుచుకున్నాడు. అద్దాల మీద మరకేమీ లేదు.

లోర్నా మంచం అంచున కూర్చుంది. "ఒక్కసారి మనం ఇంగ్లిష్‌లో మాట్లాడుకుందాం. ఈ ఒక్కసారే. నాకు ఈ భాషలో పోట్లాడటం రావడం లేదు."

"ఇప్పుడా? కింద అమ్మ ఉంది. మనమేదో దాస్తున్నామనుకుంటుంది."

ఇంట్లో ఇంగ్లిష్ కూడదన్నది ఆస్గర్ పెట్టిన నియమం. ఓడెన్సెలో పెద్ద పిల్లలకి ఇంగ్లిష్ పాఠాలు చెప్పే మాస్టారు, ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పెళ్లాంతో మాత్రం ఒక్క ముక్క ఇంగ్లిష్ మాట్లాడడు. స్నేహితులు ఆటపట్టిస్తే, "లేకపోతే దీనికి మా భాష ఎప్పటికీ రాదు," అనేవాడు. అనడమే కాదు, దిద్దేవాడు. అతిథుల ముందు దిద్దేవాడు. పోట్లాట మధ్యలో ఆపి దిద్దేవాడు. 'నువ్వంటే నాకు ప్రాణం' అని చెవిలో చెప్తే ప్రాణం అన్న మాట పలికే తీరు బాగాలేదని దిద్దినవాడు.

"ఈ ఇల్లు నాది కూడా అనుకున్నాను," అంది లోర్నా డేనిష్‌లోనే. అనగానే నాలుక కరుచుకుంది. ఇల్లు అన్న మాటకి తగిలించాల్సిన తోక ఒకటైతే ఇంకొకటి తగిలించింది. చిన్నపిల్లలు కూడా చేయని తప్పు. దిద్దుతాడని ఎదురుచూసింది.

ఆస్గర్ దిద్దలేదు.

ఆలోచిస్తే, గురువారం నుంచి అతను ఒక్క తప్పూ దిద్దలేదు. నా బాధ చూసి జాలిపడుతున్నాడు కాబోలు అనుకుంది లోర్నా. ఆ కాస్త జాలికే ఆమెకి కళ్లు చెమ్మగిల్లాయి.

"నేను తప్పు చేశానని నువ్వూ నమ్ముతున్నావా?"

"ఆ మాట నువ్వే అన్నావు కదా లోర్నా. అందరి ముందూ అన్నావు. ఇప్పుడు వెనక్కి తీసుకోలేవు."

"ఏ మాట?"

అతను కిటికీ వైపు నడిచాడు. పొగమంచులో చూడటానికేమీ లేకపోయినా చూశాడు.

"నువ్వు మాట్లాడినకొద్దీ పెద్దదవుతుంది. అమ్మతో ఏమీ మాట్లాడకు. నేను పెట్రోలు పోయించుకుని వస్తాను. భోజనానికి వచ్చేస్తాను."

మెట్లు దిగిన చప్పుడు. కింద తలుపు. కారు.

లోర్నా కూర్చున్న చోటే కూర్చుంది. ఏ మాట?

*

మాట్లాడకన్నాడు గానీ చెప్పకుండా వెళ్లిపోవడం ఎలా? తనకి ఈ ఇంట్లో ఇష్టమైన చోటు వంటిల్లే.

రూత్ సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపల తొక్క తీస్తోంది. తెల్లటి మెడ మీద వెంట్రుకలు ముడి జారిపోయి ఉన్నాయి. ఎప్పుడూ జారనిచ్చే మనిషి కాదు.

లోర్నా సొరుగులోంచి ఇంకో కత్తి తీసి పక్కన నిలబడింది. వద్దనలేదు. ఇద్దరూ తొక్క తీస్తున్నారు. గోడ అవతల డోర్తె ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది.

ఈ బల్ల దగ్గరే వీగో ఆమెకి డేనిష్ నేర్పాడు. రోజూ మధ్యాహ్నం కాఫీ అయ్యాక. రెండు భాషల్లోనూ ఒకేలా ఉండి అర్థం మాత్రం వేరైన మాటల్ని ఆయన దొంగ చుట్టాలనేవాడు. "మొహం మనవాళ్లదే, మనసు పరాయివాళ్లది. నమ్మి లోపలికి రానిచ్చావో, కొంప ముంచుతాయి," అనేవాడు. బార్న్ అంటే లోర్నా వాళ్లకి పశువుల కొట్టం, వీళ్లకి పసిబిడ్డ. "మీ కొట్టంలో మా పిల్లల్ని కట్టేసుకోండి!" అని గుక్క తిప్పుకోకుండా నవ్వేవాడు. అక్షరాల వరసలో వెళ్తున్నారిద్దరూ. ఎన్ అక్షరం దాకా వచ్చారు. తర్వాత ఆయన మెట్ల మీదనుంచి పడ్డాడు.

భోజనాల దగ్గరా అదే వరస. బంగాళాదుంపల గిన్నె తన చేతిలోనే పట్టుకుని, ఒక్కొక్కరికీ ఒక ఇంగ్లిష్ మాట వేసేవాడు. డేనిష్‌లో ఏమంటారో చెప్తేనే గిన్నె చేతికొచ్చేది. పిల్లలు గడ్డాలు మీసాలు వచ్చాక కూడా జవాబు చెప్పి దుంపలు తిన్నవాళ్లే.

"ఒకటడుగుతాను," అంది రూత్ ఉన్నట్టుండి. నాలుగు రోజుల్లో మొదటి మాట. గొంతు బొంగురుపోయి ఉంది. "అబద్ధం చెప్పకు. ఆయన ఎంతసేపు పిలిచాడు?"

"ఎవరు?"

"వీగో. కింద పడ్డాక. ఎంతసేపు పిలిచాడు నిన్ను?"

"పిలవలేదు రూత్! నేను బజారు నుంచి వచ్చేసరికే పడి ఉన్నాడు. స్పృహే లేదు. పిలిచి ఉంటే పరిగెత్తనా?"

"మరి పిలుస్తుంటే వినిపించుకోలేదని నువ్వే చెప్పావు."

"నేనా? వినిపించుకోలేదనా?" లోర్నా చేతిలో కత్తి ఆగిపోయింది. "విన్నానన్నాను!"

"లేదు. డాక్టరు ముందు ఓవర్‌హోర్తె అన్నావు. ఇందాక కూడా అదే అన్నావు."

"అవును. ఓవర్‌హోర్తె. విన్నాను. ఆయన మాట్లాడుతుంటే నా చెవిన పడింది."

రూత్ చేతిలోంచి దుంప జారి నీళ్లల్లో పడింది. నీళ్లు ఇద్దరి మీదా చిందాయి. ఎవరూ తుడుచుకోలేదు.

"ఆ మాట నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. నేనే కట్టుకున్నాను. కంగారులో మాట దొరకలేదు. మా భాషలో ఓవర్‌హియర్ అంటాం. మీకు ఓవర్ ఉంది, వినడానికి హోర్ ఉంది. రెండూ అతికించాను. తప్పా?"

రూత్ కుర్చీ లాక్కుని కూలబడింది. తడి చేతులు ఒళ్లో పెట్టుకుని కోడలి వంక సూటిగా చూసింది. ఈ నాలుగు రోజుల్లో మొదటి చూపు.

"పిచ్చి తల్లీ," అంది. "మా భాషలో ఆ మాటకి అర్థం చెవిన పడటం కాదు. చెవిన పెట్టకపోవడం."

లోర్నాకి ఆ వాక్యం బుర్రలోకి ఎక్కడానికి కొంచెం సమయం పట్టింది.

చెవిన పడిందని ఆమె అంటే, చెవిన పెట్టలేదని వాళ్లు విన్నారు. ఆస్పత్రి నడవాలో డాక్టరు అడిగితే, 'ఆయన పిలుస్తుంటే లెక్కచేయలేదు' అని నిబ్బరంగా చెప్పింది. మర్నాడు డోర్తె నిలదీస్తే మళ్లీ అదే. ఇవాళ గుమ్మంలో భుజాలెగరేసి మళ్లీ అదే. తన నిర్దోషిత్వం ఎన్నిసార్లు చెప్పుకుందో అన్నిసార్లూ నేరం ఒప్పుకుంది.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. రూత్ లేచి తడి చేతులతోనే ఆమె తలని తన పొట్టకి అదుముకుంది.

"డోర్తె!" అని పిలిచింది. "ఫోను పెట్టెయ్. ఇలా రా."

*

డోర్తె అంత తేలిగ్గా లొంగలేదు. గుమ్మంలోనే నిలబడి చేతులు కట్టుకుని విన్నది.

"బాగుందమ్మా. నాలుగు రోజులయ్యాక అర్థం మార్చేస్తే సరి. ఇదే మాట ఇంగ్లిష్‌లోనూ ఉండటం, దాని అర్థం సరిగ్గా తలకిందులు కావడం! ఎవరైనా నమ్ముతారా?"

"నువ్వు ఏటా నమ్మి పగలబడి నవ్వుతావు," అంది రూత్. "క్రిస్మస్ బాతు."

డోర్తె చేతులు విడిపోయాయి.

"ఏం బాతు?" అంది లోర్నా.

చివరికి డోర్తే నోరు విప్పింది. గొంతులో పదును పోయింది. "ఆస్గర్ జోకు. ఏటా బాతుని కోస్తూ చెప్తాడుగా. వాడి స్టూడెంటెవడో పరీక్షలో ఇంగ్లిష్ వ్యాసం రాశాడట. 'మా అమ్మ రోజూ చదువుకోమంటుంది, నేను రోజూ ఆమెని ఓవర్‌హియర్ చేస్తాను,' అని. వాడి ఉద్దేశం లెక్కచేయనని. రాసింది మాత్రం..."

రాసింది మాత్రం, చాటున వింటానని.

లోర్నాకి గుర్తొచ్చింది. ఏటా గుర్తుంటుంది. ఆ ఇంట్లో ఏడాది మొత్తానికి ఆస్గర్ నోట వచ్చే ఒకే ఒక్క ఇంగ్లిష్ వాక్యం అది. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. తన భాషే, తనకే నవ్వెందుకో తెలిసేది కాదు. ఒంటరిగా మిగిలిపోతానేమోనని తనూ నవ్వేది.

"ఆస్గర్..." అంటూ డోర్తె ఆగిపోయింది. తల్లి వంక చూసింది. "ఆస్గర్ అక్కడే ఉన్నాడు కదమ్మా. డాక్టరు పక్కనే. లోర్నా ఆ మాట అన్నప్పుడు."



"కంగారులో తట్టి ఉండదు," అంది లోర్నా గబగబా. "నాన్న ఆ స్థితిలో ఉంటే మాటల గురించి ఎవరు పట్టించుకుంటారు?"

"మా వాడికి తప్పు మాట తట్టకపోవడమా?" అంది రూత్. "వాడి పెళ్లినాడు పాస్టరు గారి వ్యాకరణం దిద్దినవాడు."

దిద్దలేదు. గురువారం నుంచి ఒక్కటీ దిద్దలేదు. జాలి అనుకుంది. 'ఆ మాట నువ్వే అన్నావు, ఇప్పుడు వెనక్కి తీసుకోలేవు.' లోర్నా బల్ల అంచు పట్టుకుంది.

"సరే. విన్నావన్నావు," అంది రూత్. ఇప్పుడా గొంతు చాలా మెల్లగా ఉంది. "ఏం విన్నావు?"

"పెద్దగా ఏమీ లేదు. కింద బట్టలుతికే మిషను తిరుగుతోంది, హోరు. వీగో ఫోన్లో మాట్లాడుతున్నాడు. లీడ్స్‌లో ఆయన పాత స్నేహితుడు ఉన్నాడు కదా, నిఘంటువు పనిలో తోడుండేవాడు, ఆయనతో."

"ఫోనని నీకెలా తెలుసు?"

"అవతలి గొంతు కూడా వినపడింది. ఫోన్ పైకి వినపడేలా పెట్టుకుంటాడు కదా. సగం మీ భాష, సగం మా భాష, వాళ్లెప్పుడూ అంతేగా. వీగో గొంతు కోపంగా ఉంది. 'నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఆమెకి తెలియాలి,' అన్నాడు. ఎవరికో ఏమిటో నాకేం తెలుసు? స్నేహితుడి గొడవ అనుకున్నాను."

"అవతలివాడు ఏమన్నాడు?"

"మాటలు తెలియలేదు. రెండు మూడుసార్లు ఒకటే అన్నాడు. ఇంగ్లిష్‌లోనే. టూ ఫార్ అని. అంటే, మరీ దూరం పోతున్నావు, హద్దు దాటుతున్నావు అని బతిమాలుతున్నట్టు. అందుకే ఇంగ్లండు ఫోనని అనుకున్నాను."

రూత్ కళ్లు మూసుకుంది.

"ఇంకోసారి అను. ఇంగ్లిష్‌లో అనకు. నీ చెవికి ఎలా తగిలిందో అలాగే అను."

"టూ ఫార్." లోర్నా ఆగింది. ఆ హోరుని, ఆ గొంతుని చెవిలోకి మళ్లీ తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "తూ ఫార్. డు... డు ఫార్."

అంటుండగానే ఆమెకి తట్టింది. ఈ దేశానికి వచ్చిన మొదటి వారంలో నేర్చుకున్న మాట. ఎఫ్ అక్షరం ఎప్పుడో దాటేశారు.

డు ఫార్. డేనిష్‌లో, 'ఇదిగో నాన్నా' అని.

హద్దులూ కాదు, దూరమూ కాదు. ఫోనూ కాదు. ఓ బిడ్డ తండ్రిని బతిమాలే గొంతు. ఆ ఇంట్లో వీగోని అలా పిలిచేవాళ్లు ఇద్దరే ఉన్నారు.

"నేను గురువారం న్యూబోర్‌లో ఉన్నానమ్మా," అంది డోర్తె. "బళ్లో చంటిపిల్లలకి బూట్లు తొడుగుతున్నాను. టీచర్లందరూ చూశారు. కావాలంటే ఫోన్ చేసి..."

"నిన్నెవరడిగారే?" అంది రూత్.

ఆస్గర్ గురువారం ఓడెన్సెలో ఉన్నానన్నాడు. పొద్దున్నే వెళ్లి పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉన్నానన్నాడు. ఆ మాట ఎవరూ అడగకుండానే చెప్పాడు. మరి వీగో తెలియాలన్న ఆ 'ఆమె' తనేనా?

బయట కంకర మీద కారు చక్రాల చప్పుడైంది.

డోర్తె నడవాలోకి వెళ్లింది. లోర్నా సూట్‌కేసు పట్టి, మెట్టు మెట్టుకీ కొట్టుకుంటూ పైకి ఈడ్చుకుపోయింది.

*

ఆస్గర్ లోపలికి రాగానే గొడుగుల స్టాండు పక్కన చూశాడు.

"సూట్‌కేసు ఏది?"

"ముందు చేతులు కడుక్కుని కూర్చో," అంది తల్లి. "దుంపలు చల్లారిపోతాయి."

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వీగో కుర్చీ ఖాళీ. పంది మాంసం మీద తోలు కరకరలాడేలా వేగింది, గోధుమరంగు గ్రేవీ మీద అప్పుడే మీగడ కడుతోంది. ఎవరూ చెంచా ముట్టుకోలేదు.

"ఏమిటి అందరూ ఇలా ఉన్నారు?" అన్నాడు ఆస్గర్. నవ్వబోయాడు. "లోర్నా, మనం త్వరగా బయల్దేరాలి. రోడ్డు మీద మంచు దట్టంగా ఉంది."

లోర్నా అతని మొహంలో వెతుకుతోంది. ఏదో ఒకటి చెప్పు. ఓడెన్సె నుంచి మధ్యలో వచ్చానని చెప్పు. నేను వెళ్లాకే ఆయన పడ్డాడని చెప్పు. నాకు తట్టలేదని చెప్పు, నమ్మేస్తాను. ఇల్లు పోయినా ఫరవాలేదు, నువ్వు ఆ మాట తెలిసి తెలిసి ఊరుకోలేదని చెప్పు.

అతను దుంపల గిన్నె కోసం చెయ్యి చాపాడు.

రూత్ గిన్నె ఇవ్వలేదు. రెండు చేతులతో తన దగ్గరికి లాక్కుని పట్టుకుంది. ఆవిరి ఆమె మొహానికి కొడుతోంది.

"మీ నాన్న లేడు కదా, ఇవాళ నేనడుగుతాను," అంది. "ఆస్గర్. ఇంగ్లిష్ మాట. ఓవర్‌హియర్. డేనిష్‌లో ఏమంటారు?"

చాపిన చెయ్యి గాలిలో ఉండిపోయింది.

"అమ్మా, ఇప్పుడా ఆటలు..."

"జవాబు చెప్తేనే దుంపలు. ఈ ఇంటి పద్ధతి నీకు తెలీదా?"

డోర్తె తమ్ముడి వంక చూడలేక పళ్లెంలోకి చూస్తోంది. పిల్లలందరికీ చెప్పే మాట. ఏటా బాతుని కోస్తూ చెప్పే మాట. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మాట.

ఆస్గర్ చెయ్యి మెల్లగా బల్ల మీదకి దిగింది. కళ్లద్దాలు తీయలేదు. భార్య వైపు తిరిగాడు. తిరిగి, ఆ ఇంట్లో తనే నిషేధించిన భాషలో, ఒక్క అక్షరం తడబడకుండా, చక్కటి ఇంగ్లిష్‌లో అడిగాడు.

"ఎంతవరకు విన్నావు?"